ట్యాంకు మీద బంగారు గీత

నాకు కుళ్ళెక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే వినేవాళ్లకీ సుఖం, చెప్పే నాకూ సుఖం. చిన్నప్పుడు అమ్మ పక్కింటి పిల్లాడి చేతిలో అరిసె ముక్క పెట్టినా నేను అన్నం మానేసేవాణ్నట. పెద్దయ్యాక ఆ కుళ్ళు అరిసెలను వదిలి మనుషుల మీద పడింది. మనుషుల్లోనూ ముఖ్యంగా ఒక్కడి మీద. వాడి పేరు లక్మా. మా దుకాణంలో పనివాడు.

జగదల్‌పూర్‌లో గీదం రోడ్డు మీద మా నాన్న రామలింగానికి బండ్లకు రంగులు వేసే దుకాణం ఉండేది. మాది కోంటా నుంచి వచ్చిన వ్యాపారుల కుటుంబం. పెదనాన్నలు, బాబాయిలు కిరాణా కొట్లలో కూర్చుంటే నాన్న ఒక్కడే విశాఖపట్నం పారిపోయి, ఓడరేవులో రంగుల పని నేర్చుకుని వచ్చాడు. పెట్రోలు ట్యాంకు అంచున సన్నటి గీత గీయాలంటే మా చుట్టుపక్కల నాన్నే గీయాలి. టేపు ఉండదు, రూళ్లకర్ర ఉండదు. పొడుగాటి ఉడుత వెంట్రుకల కుంచె పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడు లాగితే అయిపోవాలి. ఆ చెయ్యి నాకు వస్తుందని పుట్టినప్పటి నుంచీ అందరూ అన్నారు. నేనూ నమ్మాను. ముప్ఫై రెండేళ్లు వచ్చాయి గానీ చెయ్యి రాలేదు.

లక్మాకి వచ్చింది. వాడిది కోంటా అవతల దోర్ల గిరిజనుల పల్లె. మడ్‌గార్డుల తుప్పు గీకడానికి చేరి, పదేళ్లలో నాన్న పక్కన స్టూలు దాకా వచ్చాడు. వయసులో నా ఈడువాడే. నాన్నను ఉస్తాద్ అనేవాడు, నన్ను అన్నా అనేవాడు. చిన్నప్పుడు ఏం పని చేసేవాడివిరా అని నాన్న ఒకసారి మురిసిపోతూ అడిగితే, మేకలు కాసేవాణ్నని చెప్పాడు. మేకలు కాస్తే గీత వస్తుందని ముందే తెలిస్తే నేనూ కాసేవాణ్ని.

నేను చెప్పేది ఇరవై రెండేళ్ల కిందటి వానాకాలం. ఆ శ్రావణంలో కాశయ్యగారు ఒక పాత బీఎస్ఏ మోటారు సైకిలును ట్రాలీలో వేయించుకుని మా దుకాణం ముందు దిగాడు. ఆయన కలప వ్యాపారి, డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. బస్తర్ సంస్థానం ఇండియాలో కలిసిన మరుసటి ఏడాది ఓడలో వచ్చిన బండి అది. విశాఖపట్నంలో చెక్కపెట్టె విప్పి కొనుక్కున్నాడట. ఆ ఏడే పెళ్లయింది. విజయదశమి నాడు భార్యను వెనక కూర్చోబెట్టుకుని దంతేశ్వరి గుడికి పోయాడు. ఇప్పుడు ఆవిడ పోయి పది నెలలయింది. నడిపేది మనవడైనా సరే, ఈ దసరాకు తాను మళ్లీ ఆ బండి మీదే గుడికి పోవాలని ఆయన పట్టుదల.

"మెరిపించుడు కాదు రామలింగం," అన్నాడు నాన్నతో. "పెట్టెలకెళ్లి దిగిన నాడు ఎట్లున్నదో అట్ల కావాలె. కంపెనీ రంగు, కంపెనీ గీత."

మంచిదే. కానీ ఆ కంపెనీ రంగేమిటో ఆయనకే గుర్తులేదు. ఒక పూట ఆకుపచ్చ అంటాడు, ఇంకో పూట నీలం అంటాడు. బండి మాత్రం ఎర్రగా ఉంది. మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఎంతమంది ఎన్ని రంగులు పూశారో దేవుడికే తెలియాలి. ట్యాంకు కుడి పక్క నాకూ, ఎడమ పక్క లక్మాకూ అప్పగించి, కింద ఏముందో చూడమన్నాడు నాన్న.

నేను తెలివైనవాణ్ని కదా, రంగు ఊడగొట్టే మందు తెచ్చి పూశాను. అరగంటలో ఎరుపు, దాని కింద నీలం, దాని కింద ఇంకేదో, అన్నీ కలిసి బురదలా కారిపోయి తెల్లటి రేకు బయటపడింది. పని తొందరగా అయిందని సంబరపడ్డాను. లక్మా నీటితో రుద్దే గరుకు కాగితం నానబెట్టుకుని రెండు రోజులు ఒక్కో పొరా అరగదీస్తూ కూర్చున్నాడు. మూడో రోజు వాడికి ఏం తోచిందో, మోకాలు ఆనుకునే రబ్బరు దిమ్మెను ఊడదీశాడు. దాని కింద రంగులు పూసినవాళ్లెవరూ చెయ్యి పెట్టలేదు. రెండు వేళ్ల మేర అసలు ఆకుపచ్చ, దాని మీద బంగారు గీత, నిన్న గీసినట్టు ఉన్నాయి.

నాన్న ట్యాంకును బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వాకిట్లో వెలుతురులోకి పోయాడు. ఆయన రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. దూరం బాగానే కనిపించేది గానీ దగ్గరివి మసకబారి, సన్నటి గీత రెండు గీతల్లా కనిపించేది. అందుకే వేలితో తడిమి చూశాడు. తర్వాత లక్మా తల మీద చెయ్యి వేశాడు. నా తల మీద ఆ చెయ్యి పడి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకుంటూ నేను నా పక్క రేకును తుడుస్తూ ఉండిపోయాను.

ఆకుపచ్చ కలపడానికి వారం పట్టింది. నలుపు ఎంత, పసుపు ఎంత అని చుక్కలు చుక్కలుగా కలిపి, రేకు ముక్కల మీద పూసి, ఆ రెండు వేళ్ల మేర రంగు పక్కన పెట్టి చూసుకున్నాం. అది నేనే కుదిర్చాను. ఆ మాట ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటున్నాను. క్రోమ్ పూత వెయ్యాల్సిన సామానంతా రాయపూర్ పంపించాం. ఇక మిగిలింది గీత.

ఎవరు గీయాలన్నది నాన్న నోటితో తేల్చలేదు. పనికిరాని ట్యాంకులు రెండు తెచ్చి మా ఇద్దరి ముందూ పెట్టాడు. అక్కడ నేను మళ్లీ తెలివి చూపించాను. టేపు అంటించి స్ప్రేగన్‌తో కొట్టాను. అంచులు కత్తితో కోసినట్టు వచ్చాయి. లక్మా కుంచెతో లాగాడు. ఆ సాయంత్రం కాశయ్యగారు వస్తే రెండూ చూపించాం. నా ట్యాంకును అటూ ఇటూ తిప్పి, బాగుంది బాబూ, కాని ఇది ఇప్పటి బండ్లది అన్నాడు. లక్మా ట్యాంకు మీదికి మాత్రం వంగి, గీతను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. ఇది నా పాత దాని మీది గీతేనా అని అడిగాడు చివరికి. ఆ మాట విన్నాక నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయంటే నమ్మండి.

తప్పు ఎక్కడుందో నాన్న తర్వాత వేలితో తడిమి చెప్పాడు. కంపెనీలో కూడా మనిషే కూర్చుని గీశాడు. కుంచె ఆనిన చోట గీత వెంట్రుకవాసి లావుగా ఉంది, మోకాలి దగ్గర ఒంపు తిరిగేటప్పుడు ఇంకొంచెం లావెక్కి, చివర సన్నబడింది. నా గీత మొదలు నుంచి చివరి దాకా ఒకటే లావు. నాన్న చెబుతుంటే తల ఊపాను గానీ, లోపల మాత్రం మా కొట్లో జీతగాడి గీతను చూసి ఊరు మెచ్చుకుంటోందే అన్న మంట తప్ప ఇంకేమీ ఎక్కలేదు.

మరునాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న అసలు మాట బయటపెట్టాడు. దసరా తర్వాత ఇక తాను కుంచె పట్టనన్నాడు.

"కౌంటరు కాడ నువ్వు కూసో. ట్యాంకు కాడ లక్మా కూసుంటడు."

కంచం పక్కకు తోశాను. "నేను నీ కొడుకును నాన్నా," అన్నాను.

"కొడుకువే. కాదన్ననా?" అని మజ్జిగ పోసుకున్నాడు.

అమ్మ తలెత్తలేదు. మా ఆవిడ సావిత్రి మాత్రం గిన్నెలు తీస్తూ, మీ కడుపుమంట మీద పప్పు ఉడుకుతుంది, ఈ పూటకి పొయ్యి ఆర్పేస్తాను అంది. దానికి హాస్యం. నాకు మాత్రం ఆ రోజు నుంచి లక్మా ఊపిరి పీల్చినా తప్పుగానే కనిపించింది. వాడు టీ గ్లాసు కడిగి బోర్లించినా, మంచివాడని పేరు కోసం కడుగుతున్నాడని అనుకునేవాణ్ని. వాడు నాతో నవ్వితే గెలిచానని నవ్వుతున్నాడనుకునేవాణ్ని. నవ్వకపోతే పొగరెక్కిందనుకునేవాణ్ని. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో ఆ పెరటి చెట్టును నేనే.

దసరా దగ్గరపడింది. మా దుకాణం వెనక నాన్న ఒక పాత ఇనుప బీరువాను పొయ్యిగా మార్చుకున్నాడు. కింద బొగ్గులు పోసి, లోపల సామాను వేలాడదీసి తలుపు మూస్తే రంగు కాలి గట్టిపడుతుంది. చాసిస్ నలుపు, ట్యాంకు ఆకుపచ్చ అట్లాగే కాల్చాం. గోటితో గీకినా గీత పడలేదు. బంగారు గీతను మాత్రం కాల్చకూడదు. వార్నిషులో కలిపిన బంగారు పొడి వేడికి నల్లబడుతుంది. దానంతట అది ఆరాల్సిందే. ఆ ఏడు ఆశ్వయుజంలో కూడా వాన వదల్లేదు. గోడలు చెమ్మ, బట్టలు చెమ్మ. అట్లాంటి గాలిలో వార్నిషు పైకి ఆరినట్టే ఉంటుంది గానీ లోపల పచ్చిగా ఉంటుంది.

సప్తమి పొద్దున లక్మా గీత గీశాడు. నాన్న, నేను, అమ్మ గోడవారగా నిలబడ్డాం. వాడు చిటికెన వేలిని ట్యాంకు అంచున ఆనించి, కుంచెను పెట్టి, కదిలాడు. చెయ్యి కాదు కదిలింది, మొత్తం మనిషి కదిలాడు. రెండో పక్క కూడా అయ్యాక నాన్న వాడి చేతిలోంచి కుంచె తీసుకుని తానే కడిగాడు. ఉస్తాదు పనివాడి కుంచె కడగడం నేనెప్పుడూ చూడలేదు.

అష్టమి మధ్యాహ్నం వాడు సెలవడిగాడు. దసరాకు ఊళ్ల నుంచి దేవుళ్లను మోసుకుని జగదల్‌పూర్ వస్తారు. వాడి ఊరి దేవుడూ వచ్చాడు. మోసే వంతు ఈసారి లక్మాది. నాన్న లోపల నిద్రపోతున్నాడు. వాడు తలకు తువ్వాలు చుట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పైన ఆరింది గాని లోపల పచ్చిగున్నది. ఇంకా రెండు రోజులు ఎవ్వల్నీ ముట్టనీయకు. పూజల గూడ. ఉస్తాద్‌కి చెప్పు," అన్నాడు.

సరేలే పో అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. సాయంత్రం నాన్న లేచాక గుర్తుంది. రాత్రి భోజనంలో గుర్తుంది. మరచిపోయానని ఎవరితోనైనా అనగలను గానీ, మీతో అనలేను.

నవమి పొద్దున ఆయుధపూజ. కంప్రెసరు, స్ప్రేగన్లు, డబ్బాలు, కుంచెలు అన్నీ కడిగి చాప మీద పేర్చాం. బండిని మధ్యలో నిలబెట్టాం. మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఆ ఏడు చేసిన పనుల్లో అన్నిటికంటే గొప్పదానికి మొదటి బొట్టు పెట్టాలి, అదీ ఉస్తాదు చేత్తోనే, పనితనం ఎక్కడుందో అక్కడే. నాన్న స్నానం చేసి కండువా వేసుకుని వచ్చాడు. ట్యాంకును వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఆకుపచ్చ గట్టిగా పలికింది. గీత మీద చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"శ్రీరంగం, గీత ఆరిందంటనా? లక్మా ఏమన్న చెప్పి పోయిండా?"

అమ్మ చేతిలో బంతిపూల దండ ఉంది. నా చేతిలో కొబ్బరికాయ ఉంది. బయట ఎవరో టపాకాయ కాల్చారు.

"ఆరింది నాన్నా. ఏం చెప్పలేదు," అన్నాను.

నాన్న వేలు పసుపులో ముంచి, గీత రెండు కొసలూ కలిసే చోట ఒత్తి పెట్టాడు. దాని మీద కుంకుమ అద్దాడు. అమ్మ బంతిపూల దండను గీత పొడుగునా ఆనేట్టు ట్యాంకు చుట్టూ కట్టింది. నేను కొబ్బరికాయ కొట్టాను. సరిగ్గా రెండు చెక్కలైంది. అందరం హారతి కళ్లకద్దుకున్నాం. పూజ జరిగినంతసేపూ నాకు హాయిగా ఉంది. లక్మా గీత పోతుంది, లక్మా మాట పోతుంది, నాన్న వాడి మీద మండిపడతాడు, ట్యాంకు దగ్గర స్టూలు నాదవుతుంది. నా లెక్క ఇంతవరకే వెళ్లింది.

దశమి పొద్దున అమ్మ దండ తీసింది. దండ వచ్చింది గానీ రేకలన్నీ రాలేదు. బంతిరేకలు గీత పొడుగునా అంటుకుపోయాయి. బొట్టు పెట్టిన చోట బంగారం, పసుపు, కుంకుమ కలిసి గోధుమరంగు ముద్దయింది. అందులో నాన్న వేలిముద్ర అచ్చుగా పడింది. నాన్న తడిమి, ఇదేంది గరుకుగున్నది అన్నాడు. ఆయనకు కనిపించలేదు. అమ్మ చెప్పాల్సి వచ్చింది.

నాన్న లక్మాను తిట్టలేదు. నన్ను తిట్టలేదు. బండి పక్కన నేల మీద కూర్చుండిపోయి తన చెయ్యి చూసుకున్నాడు. కళ్లు పోయినా చెయ్యి ఉందనుకున్నానని, పచ్చి గీతకూ ఆరిన గీతకూ తేడా వేలికి తెలియలేదంటే తన పని అయిపోయినట్టేనని మెల్లగా అన్నాడు. నలభై ఏళ్లు రంగుల్లో బతికిన మనిషి. అమ్మ కాఫీ తెస్తే అటు తిరగలేదు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండాల్సింది.

పదింటికి లక్మా వచ్చాడు. దేవుణ్ని మోసిన భుజం వాచి ఉంది. గుమ్మంలోనే ఆగి ట్యాంకు చూశాడు, నేల మీద కూర్చున్న నాన్నను చూశాడు. నా వైపు చూడలేదు.

నాన్న తలెత్తి, నా చెయ్యి గూడ పోయిందిరా అన్నాడు. "పోయేటప్పుడు ఎవలికన్న చెప్పినవారా, ఆరలేదని?"

దుకాణంలో మేం నలుగురమే ఉన్నాం. నేను రేకలు పీకుతున్నట్టు ట్యాంకు మీదికి వంగాను.

"లేదు ఉస్తాద్," అన్నాడు లక్మా. "చెప్పుడు మరిచిన. తప్పు నాది."

నాన్న ముఖంలోకి నెత్తురు తిరిగి రావడం నా కళ్లతో చూశాను. తప్పు తన చేతిది కాదని తెలిసి ఆయన లేచి నిలబడ్డాడు. ఆ లేచిన ఊపులోనే లక్మాను నోటికొచ్చినట్టు తిట్టాడు. చెయ్యి ఉంటే చాలదు తల ఉండాలన్నాడు. దేవుడి తొందరలో పనిని మరిచేవాడు పనివాడే కాదన్నాడు. నా భుజం పట్టుకుని, రేపటి నుంచి ట్యాంకు దగ్గర వీడు కూర్చుంటాడు అన్నాడు. నేను కోరుకున్న మాట అక్షరం పొల్లు పోకుండా వచ్చింది. లక్మా తల వంచుకుని విన్నాడు.

మూడింటికి కాశయ్యగారు పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. నాన్న ఉన్నదున్నట్టు, అంటే తనకు తెలిసినంత, చెప్పాడు. పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సరే, వచ్చే ఏడు పోదాం అన్నాడు. మనవడితో ఆటో పిలిపించుకుని గుడికి పోయాడు. ఆయన మరుసటి దసరా చూడలేదు.

లక్మా టర్పెంటైనుతో పాత గీతను తుడిచి, మళ్లీ గీశాడు. ఈసారి ఐదు రోజులు దాని పక్కనే పడుకున్నాడు. ఆరాక నాన్న కాళ్లకు దండం పెట్టి, బచేలిలో ఖనిజం లారీల మీద నంబర్లు రాసే పని దొరికిందని చెప్పాడు. నాన్న పోవద్దని అనలేదు. వాణ్ని బస్టాండులో దింపి రమ్మని నాకే చెప్పాడు.

స్కూటరు మీద తీసుకుపోయి బస్సెక్కించాను. బస్సు కదిలే ముందు ఇక ఉండబట్టలేక, ఎందుకురా అట్లా చెప్పావు, నేను అడిగానా అన్నాను. గట్టిగానే అన్నాను. వాడు సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూశాడు. కోపం లేదు, ప్రేమా లేదు.

"ఉస్తాద్‌కి చూపు పోయింది. చెయ్యి పోయిందని ఏడుస్తుండు. కొడుకు గూడ పోతే ఆయనకేం మిగుల్తదన్నా?"

బస్సు పోయింది. సిగ్గుపడ్డాను, పడలేదని చెప్పను. కానీ సిగ్గు కంటే ముందు వచ్చింది ఆ పాత మంటే. మా నాన్న గురించి ఆ ఆలోచన రావాల్సింది నాకు. రక్తం పంచుకుని పుట్టినవాణ్ని నేను. నాకు రాలేదు. అది కూడా వాడికే వచ్చింది.

నాన్న ఇంకో తొమ్మిదేళ్లు బతికాడు. నేను ట్యాంకు దగ్గర కూర్చుని టేపు అంటించి గీతలు కొట్టాను. ఆయనకు అవి కనిపించేవి కావు, అడిగేవాడూ కాదు. దుకాణానికి పాతవాళ్లెవరైనా వచ్చి లక్మా ఏడని అడిగితే మాత్రం కుర్చీలోంచి ముందుకు వంగేవాడు. వాడి చెయ్యి బంగారం, మతిమరుపు ఒక్కటే వాడి పాపం అని చెప్పి, నా వైపు తిరిగి, "కాదురా?" అని అడిగేవాడు.

"అవును నాన్నా," అనేవాణ్ని.